బల్లపై గ్రహగతి

క్యారమ్ బల్ల అంచుకు తగిలి వెనుదిరిగే స్ట్రైకర్‌ను చూడనివారుండరు. ఆడేవారి దృష్టి కాయపైనే నిలుస్తుంది గాని, అంచుకు తగిలిన స్ట్రైకర్ ఏ నియమానికి లోబడి వెనుదిరుగుతున్నదో ఆలోచించేవారు అరుదు. అంచును చేరేటప్పుడు దానితో ఎంత కోణం చేస్తుందో, విడిచేటప్పుడూ అంతే కోణం చేస్తుంది. అద్దంపై పడిన కాంతికిరణానికి వర్తించే పరావర్తన నియమమే దీనికీ వర్తిస్తుంది. చూడటానికి ఇంత సులభమైన ఈ నియమం నుండి పుట్టిన ప్రశ్నలు గణితజ్ఞులను రెండు శతాబ్దాలకు పైగా ఆలోచింపజేస్తూనే ఉన్నాయి. రాపిడి లేని, గుంటలు లేని ఒక బిలియర్డు బల్లను ఊహించి, దానిపై ఒక బంతిని వదిలితే అది ఎన్నటికీ ఆగదు. అట్టి బంతి నడిచే బాట ఎలా ఉంటుంది? అది బయలుదేరిన చోటికే, బయలుదేరిన దిశలోనే తిరిగి వస్తుందా? బల్ల ఆకారం మారితే బాట ఎట్లా మారుతుంది? ఈ ప్రశ్నలకూ ఆకాశంలో తిరిగే గ్రహాల గమనానికీ దగ్గరి చుట్టరికం ఉన్నదని నిరూపించిన గణితజ్ఞుడు జార్జ్ డేవిడ్ బిర్కాఫ్.

బిర్కాఫ్ 1884 మార్చి 21న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఓవరైసెల్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. హాలండు దేశం నుండి వలస వచ్చినవారు ఏర్పరచుకున్న గ్రామమది. బిర్కాఫ్ పూర్వులు కూడా డచ్చివారే. తండ్రి వైద్యుడు. బాల్యం ఎక్కువగా చికాగో నగరంలో గడిచింది. అక్కడి లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకున్న బిర్కాఫ్ 1902లో చికాగో విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడి నుండి హార్వర్డుకు వెళ్ళి 1905లో పట్టభద్రుడయ్యాడు. ఇరవై యేళ్ళకే సంఖ్యాశాస్త్రంలో మరొక యువకునితో కలిసి పరిశోధన వ్యాసం ప్రకటించాడు. తిరిగి చికాగో చేరి ఇ.హెచ్. మూర్ పర్యవేక్షణలో 1907లో డాక్టరేటు పొందాడు. ఆ మరుసటి సంవత్సరం మార్గరెట్ గ్రాఫియస్‌ను వివాహమాడాడు. వారి కుమారుడు గారెట్ కూడా తరువాతి కాలంలో ప్రసిద్ధ గణితజ్ఞుడయ్యాడు.

ఆ రోజులలో గణితశాస్త్రానికి రాజధాని యూరప్. ఉన్నత గణితం అభ్యసించదలచిన అమెరికన్ యువకులు ఓడ ఎక్కి జర్మనీకో ఫ్రాన్సుకో వెళ్ళడం ఆనవాయితీగా ఉండేది. బిర్కాఫ్ మాత్రం తన చదువంతా స్వదేశంలోనే పూర్తి చేశాడు. అయితే ఆయనకు మానసిక గురువు ఒకరు సముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్నాడు. ఆయన ఫ్రెంచి గణితజ్ఞుడు హెన్రీ పాయింకరే. ఎదుట కూర్చుండబెట్టుకొని పాఠం చెప్పకపోయినా, పాయింకరే గ్రంథాలే బిర్కాఫ్‌కు దారి చూపాయి.

పాయింకరేను జీవితమంతా వెంటాడిన సమస్య మూడు గోళాల సమస్య. సూర్యుడు, భూమి అనే రెండు గోళాలు మాత్రమే ఉంటే వాటి గమనాన్ని న్యూటన్ సూత్రాలతో కచ్చితంగా లెక్కకట్టవచ్చు. వాటికి చంద్రుడు తోడైతే లెక్క చిక్కుపడుతుంది. మూడూ ఒకదానినొకటి ఆకర్షిస్తుంటే వాటి మార్గాలను సమీకరణాల రూపంలో పూర్తిగా వ్రాయడం సాధ్యం కాదని పాయింకరే గ్రహించాడు. మార్గాలన్నింటినీ తెలుసుకోలేకపోయినా, కొంతకాలానికి మొదటి స్థితికే తిరిగివచ్చే ఆవర్తన మార్గాలు ఉన్నాయో లేవో తెలుసుకుంటే చాలునని ఆయన భావించాడు. దుర్గమమైన కోటలోకి ప్రవేశించడానికి కనిపించిన ఒకే ఒక్క ద్వారం అది.

ఆ ద్వారానికి తాళంచెవి వంటి జ్యామితీయ సిద్ధాంతమొకటి పాయింకరేకు స్ఫురించింది. ఒకే కేంద్రం గల రెండు వృత్తాల మధ్యనున్న కంకణాకార ప్రదేశాన్ని ఊహించుకోవాలి. అందులోని ప్రతి బిందువునూ ఒక నియమం ప్రకారం మరొక చోటికి జరపాలి. ఆ మార్పులో ఏ భాగపు వైశాల్యమూ పెరగకూడదు, తరగకూడదు. లోపలి అంచు ఒక దిశలో తిరిగితే వెలుపలి అంచు దానికి ఎదురు దిశలో తిరగాలి. అప్పుడు ఎంత కలచివేసినా కంకణంలో కనీసం రెండు బిందువులు కదలక తమ స్థానాలలోనే నిలిచి ఉంటాయని ఆ సిద్ధాంతం చెబుతుంది. అనేక సందర్భాలలో పరీక్షించి చూసిన పాయింకరేకు ఇది సత్యమనే నమ్మకం కుదిరింది. కాని రెండేళ్ళు శ్రమించినా నిరూపణ చిక్కలేదు. తన వయస్సును, ఆరోగ్యాన్ని తలచుకొని, పని ముగించేదాకా తాను ఉంటానో లేదోనని సందేహించి, అసంపూర్ణంగానే ఆ వ్యాసాన్ని ఇటలీలోని పలెర్మో నగరం నుండి వెలువడే గణిత పత్రికకు పంపాడు. అట్లా అసంపూర్ణమైన పనిని లోకం ముందుంచడం ఆయనకు కొత్త. అది 1912లో అచ్చయింది. ఆ యేడాది జులై 17న పాయింకరే పరమపదించాడు. అప్పటికి ఆయన వయస్సు 58 సంవత్సరాలు.

ఆ వ్యాసం అమెరికాలో ఉన్న బిర్కాఫ్ చేతికి అందింది. అప్పటికి ఆయన విస్కాన్సిన్‌లో రెండేళ్ళు, ప్రిన్స్‌టన్‌లో మూడేళ్ళు పనిచేసి హార్వర్డుకు రానున్నాడు. వయస్సు 28 సంవత్సరాలు. మహాగణితజ్ఞుడు రెండేళ్ళు పోరాడి విడిచిన నిరూపణను ఆ యువకుడు కొద్ది నెలలలో సాధించాడు. 1913 ఆరంభంలో అమెరికన్ గణిత సంఘపు పత్రికలో వెలువడిన ఆ వ్యాసం తొమ్మిది పుటలకు మించదు. దానితో బిర్కాఫ్ పేరు యూరప్ అంతటా మారుమ్రోగింది. అమెరికాలోనే చదువుకొన్న గణితజ్ఞుడు యూరప్ విద్వాంసులను తలయెత్తి చూసేటట్లు చేయడం ఆ దేశ విద్యాచరిత్రలో ఒక మలుపుగా పరిగణింపబడింది. బిర్కాఫ్ అంతటితో తృప్తిపడలేదు. 1925లో ఆ సిద్ధాంతాన్ని మరింత బలపరచి, విస్తరించి ప్రకటించాడు.

కంకణంలోని కదలని బిందువులకూ కదిలే బంతికీ గల సంబంధాన్ని బిర్కాఫ్ 1927లో ప్రకటించిన రచనలలో వివరించాడు. గ్రహాల సమస్యలో సమీకరణాల భారం ఎక్కువ. ఆ భారంలో అసలు విషయం మరుగునపడుతుంది. అసలు విషయాన్ని చెడకుండా ఉంచి, లెక్కల భారాన్ని మాత్రం తొలగించే నమూనా ఒకటి కావాలి. బిలియర్డు బల్ల అట్టి నమూనా అని ఆయన గుర్తించాడు.

అంచుకు తగిలిన ప్రతిసారీ బంతిని గురించి రెండు విషయాలు తెలిస్తే చాలు. అంచుపై ఏ చోట తగిలింది, అక్కడి నుండి ఎంత కోణంలో బయలుదేరింది అనేవే ఆ రెండు. ఇవి తెలిస్తే తరువాతి తాకిడిని నిర్ణయించవచ్చు. అంచు వెంట నడిస్తే మళ్ళీ మొదటి చోటికే వస్తాము గనుక తాకిన చోటును కంకణం చుట్టూ గుర్తించవచ్చు. సున్న నుండి 180 డిగ్రీల వరకు మారే కోణాన్ని కంకణపు లోపలి అంచు నుండి వెలుపలి అంచు వరకు గుర్తించవచ్చు. ఆ విధంగా ప్రతి తాకిడీ కంకణంలో ఒక బిందువవుతుంది. కోణం సున్నకు చేరువైతే బంతి అంచును ఒరుసుకుంటూ కొద్దిగా ముందుకు జరుగుతుంది. 180 డిగ్రీలకు చేరువైతే కొద్దిగా వెనుకకు జరుగుతుంది. అనగా కంకణపు రెండు అంచుల వద్ద కదలిక ఎదురు దిశలలో ఉంటుంది. కొలమానాన్ని తగిన విధంగా ఎన్నుకుంటే వైశాల్యమూ మారదు. పాయింకరే విధించిన షరతులు రెండూ ఇట్లా ఆటబల్లపై నెరవేరాయి. కొన్ని తాకిడుల తరువాత కంకణంలో తన మొదటి స్థానానికే వచ్చిన బిందువు, బల్లపై మూసుకున్న బాటకు గుర్తు.

ఈ మార్గంలో బిర్కాఫ్ సాధించిన ఫలితం ఆశ్చర్యకరమైనది. బల్ల అంచు మూలలు లేకుండా నునుపుగా ఉండి, ఎక్కడా లోపలికి నొక్కుకుపోకుండా వెలుపలికే వంగి ఉంటే చాలు. అది కోడిగుడ్డు ఆకారమైనా, మరే ఆకారమైనా, దానిపై రెండు తాకిడులతో మూసుకునే బాటలు కనీసం రెండుంటాయి. మూడు తాకిడులవీ, నాలుగు తాకిడులవీ, నూరు తాకిడులవీ అంతే. రెండు తాకిడుల విషయంలో ఇది సులభంగా తెలుస్తుంది. బల్లలో అతి పొడవైన అడ్డుగీత వెంట కొట్టిన బంతి అదే గీత వెంట వెనుకకు వస్తుంది. బల్ల అతి ఇరుకుగా ఉన్న చోట అడ్డంగా కొట్టిన బంతి కూడా అంతే. ఇక మూడు తాకిడులకు, అంచుపై మూడు శీర్షాలు ఉండేటట్లు గీయగల త్రిభుజాలన్నింటిలో చుట్టుకొలత అత్యధికంగా గల దానిని తీసుకుంటే, దాని భుజాల వెంట బంతి నిరంతరం తిరుగుతుంది. రెండవ బాటను కనుగొనడం ఇంత సులభం కాదు. అక్కడే పాయింకరే చివరి సిద్ధాంతపు బలం తెలుస్తుంది.

బల్ల ఆకారాన్ని బట్టి బంతి స్వభావం ఎంతగా మారుతుందో గమనించదగినది. గుండ్రని బల్లపై బంతి ప్రతి తాకిడిలోనూ అంచుతో ఒకే కోణం చేస్తుంది. కేంద్రం గుండా పోయేది తప్ప, దాని బాటలోని ప్రతి గీతా లోపలనున్న ఒక చిన్న వృత్తానికి స్పర్శరేఖ అవుతుంది. ఆ చిన్న వృత్తం లోపలికి బంతి ఎన్నటికీ ప్రవేశించదు. కోణం సరిగా కుదిరితే బాట నక్షత్రాకారంలో మూసుకుంటుంది. కుదరకపోతే బంతి ఎప్పటికీ బయలుదేరిన చోటికి రాదు. దీర్ఘవృత్తాకారపు బల్లపై ఒక నాభి గుండా పోయిన బంతి అంచుకు తగిలి రెండవ నాభి గుండా పోతుంది. నాభుల మధ్య నుండి పోని బంతి, అవే నాభులు గల మరొక చిన్న దీర్ఘవృత్తాన్ని తాకుతూ తిరుగుతుంది. మూలలు గల బల్లల తీరు వేరు. అల్పకోణ త్రిభుజాకారపు బల్లలో, మూడు లంబాల పాదాలను కలిపే చిన్న త్రిభుజం వెంట బంతి తిరుగుతుంది. ఆ చిన్న త్రిభుజపు విశిష్టతను ఇటలీ గణితజ్ఞుడు ఫాన్యానో 1775లోనే పరిశీలించాడు. ఒక కోణం 90 డిగ్రీలకు మించిన త్రిభుజాలన్నింటిలోనూ మూసుకునే బాట తప్పక ఉంటుందా అనే ప్రశ్నకు మాత్రం నేటికీ పూర్తి సమాధానం లేదు.

వృత్తంలోనూ దీర్ఘవృత్తంలోనూ కనిపించే ఈ క్రమశిక్షణ మరే నునుపైన ఆకారంలోనైనా ఉంటుందా? ఉండదని బిర్కాఫ్ ఊహించాడు. ఆయన వద్ద పనిచేసిన హిలెల్ పోరిట్‌స్కీ 1950లో అచ్చు వేయించిన వ్యాసం ద్వారా ఆ ఊహ ప్రచారంలోకి వచ్చింది. వృత్తానికి, దీర్ఘవృత్తానికి అతి సమీపంగా ఉండే ఆకారాల విషయంలో ఇది నిజమని 2016, 2018 సంవత్సరాలలో వెలువడిన పరిశోధనలు నిరూపించాయి. సంపూర్ణమైన నిరూపణ ఇంకా వెలువడవలసి ఉంది.

1931లో బిర్కాఫ్ తన జీవితంలోని మరొక గొప్ప ఫలితాన్ని సాధించాడు. అది ఎర్గోడిక్ సిద్ధాంతం. ఆ రంగంలో జాన్ వాన్ నాయ్‌మన్ అప్పటికే సాధించిన ఫలితం ఆయనకు ప్రేరణ అయింది. నిరంతరం మారుతూ ఉండే వ్యవస్థను చిరకాలం గమనించి సగటు తీస్తే, దాదాపు ప్రతి సందర్భంలోనూ ఆ సగటు ఒక స్థిరమైన విలువను చేరుతుందని ఈ సిద్ధాంతం చెబుతుంది. ఆ వ్యవస్థ వేర్వేరు భాగాలుగా విడిపోనిదైతే, చిరకాలపు సగటు మొత్తం వ్యవస్థ సగటుతో సమానమవుతుంది. బల్ల పరంగా చెప్పాలంటే, అట్టి బల్లపై బంతి ఏ మూలనూ ఉపేక్షించదు. సమానమైన వైశాల్యాలలో సమానమైన కాలం గడుపుతుంది. మధ్య భాగాన్ని ఎన్నడూ తాకని గుండ్రని బల్లపై బంతికి ఈ లక్షణం లేదు. గదిలోని గాలి అణువులను ఒక్కొక్కటిగా లెక్కించకుండానే వాటి సగటు ప్రవర్తనను చెప్పగలగడానికి ఇట్టి సిద్ధాంతాలు ఆధారమవుతాయి.

గణితానికి వెలుపల కూడా బిర్కాఫ్ దృష్టి ప్రసరించింది. కళలన్నా, సంగీతమన్నా ఆయనకు మక్కువ. సౌందర్యాన్ని కొలవవచ్చునా అనే ప్రశ్నతో 1933లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఒక రూపంలోని క్రమాన్ని దాని సంక్లిష్టతతో భాగిస్తే వచ్చేదే సౌందర్యపు కొలత అని అందులో ప్రతిపాదించి, 90 బహుభుజులను ఆ కొలతతో పరీక్షించాడు. పాత్రల ఆకృతులకు, సంగీతానికి, కవిత్వానికి కూడా దానిని అన్వయించాడు. ఆ సూత్రాన్ని అందరూ అంగీకరించలేదు. కాని సంక్లిష్టతలో క్రమాన్ని వెదకాలనే ఆయన జీవితకాలపు తపన అందులో స్పష్టంగా కనిపిస్తుంది. మార్స్టన్ మోర్స్, మార్షల్ స్టోన్, హాస్లర్ విట్నీ వంటి దిగ్గజాలు ఆయన శిష్యులు. అమెరికన్ గణిత సంఘానికి అధ్యక్షుడుగా, హార్వర్డులో డీన్‌గా ఆయన ఉన్నత పదవులను అలంకరించాడు.

ఇంతటి ప్రతిభావంతుని జీవితంలో ఒక మచ్చ కూడా ఉన్నది. 1933లో జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చిన పిమ్మట యూదు ఆచార్యులను విశ్వవిద్యాలయాల నుండి వెళ్ళగొట్టారు. ప్రాణాలు దక్కించుకోవడానికి అనేకులు అమెరికా చేరి ఉద్యోగాలకై ఎదురుచూశారు. అప్పటికే ఆర్థికమాంద్యం వల్ల అమెరికాలో ఉద్యోగాలు కరవయ్యాయి. 1938లో అమెరికన్ గణిత సంఘపు స్వర్ణోత్సవ సభలో ప్రసంగిస్తూ, విదేశీ విద్వాంసుల రాకవల్ల అమెరికన్ యువకుల అవకాశాలు తగ్గిపోతాయని బిర్కాఫ్ ఆందోళన వెలిబుచ్చాడు. ఆయనకు యూదులపట్ల దురభిమానం ఉన్నదని ఐన్‌స్టీన్ వంటివారు నిందించారు. స్వదేశపు యువకుల భవిష్యత్తే ఆయన చింత అని సమర్థించినవారూ ఉన్నారు. పోలండు నుండి వచ్చిన యూదు గణితజ్ఞుడు ఉలాంకు ఉద్యోగం కోసం ఆయన సిఫారసు చేసిన మాటా వాస్తవమే. ఏమైనా, నిలువ నీడ లేనివారు తలుపు తట్టినప్పుడు, తలుపు తీయగల స్థానంలో ఉన్న వ్యక్తి సంకోచించాడన్న అపవాదు ఆయన కీర్తిని నేటికీ వెన్నాడుతున్నది. ఫ్రాన్సులో పుట్టిన ఆలోచన ఇటలీలో అచ్చయి, అమెరికాలోని డచ్చి సంతతి యువకుని చేతిలో నిరూపణ పొందింది. విద్యకు ఎల్లలు లేవనడానికి ఆయన కీర్తికంటె గొప్ప నిదర్శనం లేదు. ఆ సత్యాన్ని ఆయన తన విషయంలో అనుభవించి, ఇతరుల విషయంలో మరచాడు.

1944 నవంబరు 12న మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో బిర్కాఫ్ తన 60వ యేట మరణించాడు. ఆయన బల్లపై వదలిన బంతి మాత్రం ఆగలేదు. నలుచదరపు బల్ల మధ్య గుండ్రని దిమ్మెను నిలిపితే, దానికి తగిలి చెదిరే బంతి బల్లనంతటినీ సమంగా చుట్టివస్తుందని రష్యాకు చెందిన యాకోవ్ సినాయ్ 1970లో చూపాడు. ఆయనకు 2014లో ఆబెల్ బహుమతి లభించింది. అదే యేట ఫీల్డ్స్ పతకం పొందిన ప్రథమ మహిళ, ఇరాన్‌లో పుట్టిన మరియం మీర్జాఖానీ పరిశోధనలు బహుభుజాకారపు బల్లల రహస్యాలను తెలుసుకోవడానికి తోడ్పడుతున్నాయి. బిర్కాఫ్ పేరిట 1967లో ఒక గణిత బహుమతిని నెలకొల్పారు. చంద్రుని ఆవలి వైపున ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు.

గొప్ప ప్రశ్నలు ఎల్లప్పుడూ గొప్ప వేషంతో రావు. ఒక్కొక్కప్పుడు అవి ఆటబల్లపై బంతిగా దొర్లుతూ వస్తాయి. వాటిని గుర్తుపట్టే చూపు, విడవకుండా వెంబడించే ఓర్పు ఉన్నవారికే అవి లొంగుతాయి. బిర్కాఫ్‌కు ఆ రెండూ సమృద్ధిగా ఉన్నాయి. ఒక దేశంవాడు విడిచిన ప్రశ్నను మరొక దేశంవాడు అందుకోగా, ఆయన విడిచిన ప్రశ్నలను మూడవ, నాలుగవ దేశాలవారు అందుకున్నారు. ఆ వరుసలో తరువాత నిలిచేవారు ఏ దేశంలో పుట్టినవారైనా కావచ్చు. వారి కోసం తలుపులు తెరచి ఉంచడం కూడా విద్యాసేవలో ఒక భాగమని బిర్కాఫ్ జీవితం తన వెలుగుతోనూ, తన నీడతోనూ తెలియజేస్తున్నది.